పోస్టులో ప్రకటన చిన్న ఫొటో స్టూడియోకు గిట్టుబాటవుతుందా?

క్లుప్తంగా: అందుకునేవారి పేరు, చిరునామా లేని కార్డులు ఇంటింటికీ పంచితే ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని చిన్న స్టూడియోకు పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. ఎప్పుడు చూసినా పెళ్లి దగ్గరపడ్డ ఇళ్లు సగటున నూటికి మహా అయితే ఒకటే ఉండటం దానికి మూలం. అదే డబ్బుతో పాత కస్టమర్లకు పేరు రాసి, వాళ్లింట్లో రాబోయే వేడుకకు కాస్త ముందుగా ఉత్తరం పంపితే గిట్టుబాటయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. లిపి, పంచాంగం, పిన్‌కోడ్ ఈ ప్రాంతంలో ఫలితాన్ని అటూ ఇటూ చేస్తాయి.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

ఒడిశా వైపు బ్రహ్మపురం (బరంపురం), పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో తెలుగు కుటుంబాలు నడిపే ఫొటో స్టూడియోలు చాలానే ఉన్నాయి. ఫోన్లో మంచి కెమెరా వచ్చాక స్టూడియో మెట్లెక్కి కుటుంబమంతా ఫొటో దిగే అలవాటు పోయింది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోల బేరం జిరాక్స్ షాపులూ పంచుకుంటున్నాయి. మిగిలింది పెళ్లిళ్లు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు. ఆ బేరాల కోసం అందరూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనే పోటీపడుతుంటే ఎవరి పోస్టు ఎవరికి కనిపిస్తుందో తెలియని పరిస్థితి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌కూ హద్దుంది. ఒక జాబితాలో 256 మందికి మించి చేర్చలేరు. పైగా పంపేవారి నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. కొత్తవాళ్లను పట్టడానికి అది పనికిరాదు.

ఈ నేపథ్యంలో అచ్చు కార్డు వేయించి పోస్టులో పంపితే ఎలా ఉంటుందన్న ఆలోచన మళ్లీ వస్తోంది. చేతికి అందే కాగితానికి విలువ ఉంటుందని కొందరు, కాగితం చెత్తబుట్టకే పోతుందని కొందరు. రెండూ నిజమే. ఏది ఎప్పుడు నిజమవుతుందో తేల్చేది కాగితం నాణ్యత కన్నా అది ఎవరింటికి, ఏ నెలలో చేరిందన్న విషయమే.

అమెరికా సలహా, ఇక్కడి వీధి

ఫొటోగ్రాఫర్లకు పోస్టు ప్రకటనల మీద ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా అనుభవం నుంచి వచ్చినవే. అక్కడి తపాలా శాఖ 2011లో ఒక సేవ తెచ్చింది. పేర్లు, చిరునామాలు లేకుండానే ఎంచుకున్న వీధుల్లోని ప్రతి ఇంటికీ కార్డు వేస్తారు. అక్కడ ఇంటి ముందుండే ఉత్తరాల పెట్టెలో తపాలా రుసుము కట్టని ప్రకటన వేయడం చట్టరీత్యా నేరం. అంటే పేపర్ కుర్రాడితోనో షాపులో పనివాడితోనో ఆ పెట్టెలో కరపత్రం వేయించే వీల్లేదు. పోస్టుకు అక్కడ ఆ విధంగా ఒక రక్షణ ఉంది. పెట్టెలోకి వచ్చేవన్నీ పోస్టులో వచ్చినవే కాబట్టి జనం అన్నీ ఒకసారి చూస్తారు.

మన దగ్గర అలాంటి అడ్డు లేదు. ఉదయం పేపర్ మధ్యలో కరపత్రం పెట్టి పంపడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. గేటుకు తగిలించొచ్చు, తలుపు కింద నుంచి తోయొచ్చు. భారత తపాలా శాఖకూ డైరెక్ట్ పోస్ట్ అనే సేవ ఉంది. చిరునామా రాయని ప్రకటనలను కోరిన ప్రాంతంలో పోస్ట్‌మ్యాన్ పంచుతాడు. ఊళ్లోకైతే ఒక ధర, పై ఊరికైతే ఇంకాస్త ఎక్కువ. అయితే పేపర్‌లో పెట్టి పంపే కరపత్రం మీద దీనికి ఉన్న అదనపు బలం ఒక్కటే, పేపర్ వేయించుకోని ఇళ్లకూ చేరడం. గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో అది చిన్న బలం కాదు. బ్రహ్మపురం గాంధీనగర్‌లోనో హిల్‌పట్నాలోనో దానికి అంత తేడా కనిపించదు.

ధరల విషయంలో ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. పోస్టుకార్డు 50 పైసలే కదా, దాని మీద ప్రకటన అచ్చువేసి పంపితే చవక అనుకుంటారు. అచ్చువేసిన పోస్టుకార్డుకు 50 పైసల ధర వర్తించదు. దానికి రూ.6 అవుతుందన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. 20 గ్రాముల లోపు మామూలు కవరుకు రూ.5 స్టాంపు చాలు. కవరు పంపడమే చవక అన్నమాట, పైగా లోపల ఫొటో పెట్టొచ్చు.

వెయ్యి ఇళ్లలో పెళ్లి ఎన్ని ఇళ్లలో

ఈ చర్చలో అందరూ దాటేసే లెక్క ఇది. దేశంలో ఏటా 80 లక్షల నుంచి కోటి వరకు పెళ్లిళ్లు జరుగుతాయని పెళ్లిళ్ల మార్కెట్ మీద వచ్చే అంచనాలు చెబుతుంటాయి. జనాభా దాదాపు 140 కోట్లు. ఇంటికి నలుగురైదుగురు చొప్పున వెయ్యి ఇళ్లలో 4,500 మంది ఉంటారనుకుంటే, ఆ వెయ్యి ఇళ్ల లెక్కకు ఏడాదికి 26 నుంచి 32 పెళ్లిళ్లు వస్తాయి. పెళ్లంటే ఆడపెళ్లివారు, మగపెళ్లివారు కాబట్టి 50 నుంచి 65 ఇళ్లు.

ఏడాది పొడవునా కార్డు దాచుకునేవాళ్లు ఉండరు. ముహూర్తం ఖాయమయ్యాక మండపం, వంటవాళ్లు, పురోహితుడు, బ్యాండు, ఫొటోవాడు వరసగా కుదురుతారు. ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ఆ కాలం మామూలు కుటుంబాల్లో ఒకటి రెండు నెలలు. కాబట్టి కార్డు చేరిన రోజున ‘ఫొటోకి ఎవరిని పిలుద్దాం’ అన్న ఆలోచనలో ఉన్న ఇళ్లు ఏడాది సగటున చూస్తే వెయ్యిలో మహా అయితే పది. ముహూర్తాల సీజన్ ముందు పంపితే ఆ పది ఇరవై కావచ్చు, మూఢంలో పంపితే ఒకటో రెండో కావచ్చు.

ఆ పదిళ్లలోనూ కొన్నిటికి తమ ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. అక్క పెళ్లికి తీసినవాడో, బావగారి స్నేహితుడో. కొన్నిటిలో కార్డు పెద్దల కంట పడకముందే పిల్లల చేతిలో పడవగా మారుతుంది. గంజాం జిల్లాలో మరో పరిస్థితి కూడా ఉంది. జిల్లా నుంచి వేలాది కుటుంబాల మగవాళ్లు సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తారు. కార్డు ఇంటికి చేరుతుంది, ఖర్చు మీద చివరి మాట చెప్పే మనిషి సూరత్‌లో ఉంటాడు. అలాంటి ఇంట్లో కార్డు మీది ఫొటోను ఫోన్లో తీసి పంపితే తప్ప నిర్ణయం జరగదు. ఇవన్నీ తీసేస్తే వెయ్యి కార్డుల్లో నిజంగా కస్టమర్ అయ్యే అవకాశమున్న ఇళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. ఆ నాలుగైదు ఇళ్లకూ ఊళ్లోని మిగతా స్టూడియోలు పోటీ ఉండనే ఉన్నాయి.

‘ఒక్క పెళ్లి తగిలినా చాలు’ అన్న వాదన

దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఉదాహరణకు అచ్చు, పంపిణీ కలిపి కార్డుకు రూ.5 పడిందనుకుందాం. రెండువేల కార్డులకు రూ.10,000. అసిస్టెంట్ల కూలి, ఎడిటింగ్, ఆల్బమ్, ప్రయాణం పోగా పెళ్లికి రూ.15,000 మిగిలే స్టూడియో అయితే ఒక్క ఆర్డరుతో ఖర్చు తీరి రూ.5,000 చేతిలో ఉంటుంది. లెక్క ఇంపుగానే ఉంది.

ఇబ్బంది ఎక్కడంటే, అరుదుగా జరిగేది చిన్న సంఖ్యలో నమ్మకంగా జరగదు. అయిదు వందల కార్డులకు సగటున ఒక ఆర్డరు వస్తుందని అనుకున్నా, అయిదు వందలు పంపినప్పుడు ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 37 శాతం. వెయ్యి పంపినా అది 13 శాతానికి పైనే. పెద్ద నగల దుకాణం లక్షల కార్డులు పంపుతుంది కాబట్టి దానికి సగటు నిజమవుతుంది. వెయ్యి కార్డులు పంపే స్టూడియోకు అది అదృష్టం మీద ఆధారపడే వ్యవహారం. ఒక్క ఆర్డరూ రాలేదని పోస్టు ప్రకటనే దండగ అని తేల్చేసినవాళ్లు, రెండు వచ్చాయని మరుసటి ఏడు అప్పుచేసి పదివేల కార్డులు వేసినవాళ్లు, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. అంత చిన్న సంఖ్య నుంచి అంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు.

రాబడి తక్కువున్న పనులకు పోస్టు ప్రకటన ఆలోచన కూడా వద్దు. పాస్‌పోర్ట్ ఫొటోల మీద మిగిలే ముప్పై నలభై రూపాయలతో రూ.10,000 తీర్చాలంటే మూడు వందల మంది రావాలి.

స్టూడియోలోనే ఉన్న జాబితా

ప్రతి స్టూడియోలోనూ ఆర్డర్ల పుస్తకం ఉంటుంది. పార్టీ పేరు, ఊరు, ఫంక్షన్ తేదీ, అడ్వాన్స్, బాకీ. బాకీ తీరగానే ఆ పేజీని మరిచిపోతారు. పోస్టు ప్రకటనకు ఆ పేజీలకన్నా విలువైన జాబితా డబ్బిచ్చినా దొరకదు.

ఎందుకంటే ఒక పెళ్లి తీసినవాడికి ఆ ఇంట్లో తర్వాతి వేడుక ఎప్పుడు రావచ్చో ఉజ్జాయింపుగా తెలుసు. ఏడాది రెండేళ్లలో శ్రీమంతం, బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు. ఒడియా ఇళ్లలో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఏకోయిశా. కొంతకాలానికి గృహప్రవేశం. తమ్ముడి పెళ్లి, ఇంటి ఆడపిల్ల ఓణీల వేడుక, పెద్దాయన షష్టిపూర్తి. పెళ్లి ఆల్బమ్‌లో వరసగా నిలబడ్డ బంధువులందరి వయసులూ ఫొటోల్లోనే ఉన్నాయి. ఏ ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారో ఆ ఆల్బమ్ చూసి చెప్పొచ్చు. బారసాల తీసిన స్టూడియోకైతే బిడ్డ మొదటి పుట్టినరోజు తేదీతో సహా తెలుసు. దానికి ఆరు వారాల ముందు ఆ తల్లిదండ్రుల పేరున ఒక కవరు వెళ్తే అది ప్రకటనగా అనిపించదు. బిడ్డను గుర్తుపెట్టుకున్నారన్న సంతోషమే ముందు కలుగుతుంది, అది న్యాయమైన సంతోషమే.

ఇక్కడ లెక్క ఎలా మారుతుందో చూడాలి. మూడు వందల పాత కస్టమర్లకు కవరు, కార్డు, ఒక చిన్న ప్రింటు, స్టాంపు కలిపి ఒక్కొక్కరికి రూ.25 అనుకుంటే మొత్తం రూ.7,500. మొదటి పుట్టినరోజు ఫంక్షన్ మీద రూ.4,000 మిగిలే స్టూడియోకు ఇద్దరు వస్తే ఖర్చు తీరిపోతుంది. మూడు వందల మందిలో ఇద్దరు, అదీ ఇప్పటికే పని చూసినవాళ్లు. కొత్త వీధిలో రెండువేల కార్డులకు ఒక పెళ్లి కోసం ఎదురుచూడటంకన్నా ఇది ఎంతో నిలకడైన పందెం. అందరికీ ఒకేసారి పంపనవసరం కూడా లేదు. నెలకు పాతిక చొప్పున, ఎవరింట్లో వేడుక దగ్గరపడితే వాళ్లకు పంపుకోవచ్చు.

పేరు రాసిన కవరుకు మరో లాభం, వెనక పంపినవారి చిరునామా ఉంటే చేరనిది తిరిగొస్తుంది. ఇల్లు మారినవాళ్లెవరో తెలిసి జాబితా శుభ్రపడుతుంది. చిరునామా లేని కార్డు ఏమైందో చెప్పేవాళ్లుండరు. అయితే ఆర్డర్ల పుస్తకంలో చాలామంది ఫోన్ నంబరు, ఊరి పేరు మాత్రమే రాసుకుంటారు. ఒడిశాలో చిరునామా రాసే తీరు వేరు. ఎట్ (ఊరు), పీఓ (పోస్టాఫీసు), వయా (మీదుగా), జిల్లా, పిన్ అని వరసగా ఉంటుంది. ఊరు, పోస్టాఫీసు వేర్వేరు కావచ్చు. ఆ రెండూ అడగకుండా రాసుకున్న చిరునామాకు ఉత్తరం చేరకపోతే తప్పు పోస్ట్‌మ్యాన్‌ది కాదు. అడ్వాన్స్ రసీదు రాసేటప్పుడే ఆ అయిదు గళ్లూ నింపించుకోవడం అసలు పెట్టుబడి.

సరిహద్దు పెట్టే మెలికలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో అధిక భాగం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. చుట్టరికాలు గీత దాటి సాగుతూనే ఉన్నాయి. స్టూడియోల మార్కెట్టూ అంతే. పర్లాకిమిడి ఫొటోగ్రాఫర్ పాతపట్నంలో పెళ్లి తీస్తాడు, ఇచ్ఛాపురం నుంచి బ్రహ్మపురం పట్టుచీరల కోసం వచ్చిన కుటుంబం అక్కడే ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకుంటుంది. పోస్టు మాత్రం ఆ గీతను గుర్తుపెట్టుకుంటుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్ విధానంలో మొదటి అంకె ప్రాంతాన్ని సూచిస్తుంది. ఒడిశా వైపు 7తో మొదలవుతుంది, పర్లాకిమిడి 761200. ఆంధ్ర వైపు 5, పాతపట్నం 532213. రెండూ వేర్వేరు తపాలా సర్కిళ్లు, అంటే తపాలా శాఖ వేర్వేరు విభాగాలు. ఆటోలో వెళ్లే దూరానికి ఉత్తరం చుట్టుతిరిగి వెళ్తుంది. మామూలు పోస్టులో వేసినదాని జాడ తెలుసుకునే వీలూ లేదు. అవతలి వైపు కస్టమర్లకు పంపే కవర్లను కట్టగట్టి, పని మీద అటు వెళ్లినప్పుడు అక్కడి పోస్టాఫీసులో వేయడం తేలిక.

లిపి సంగతి ఇంకా సున్నితం. సరిహద్దు తెలుగు ఇళ్లలో మాట తెలుగే అయినా, ఒడియా మీడియంలో చదువుకున్న తరంలో చాలామంది తెలుగు అక్షరాలు తడుముకుంటారు. తాతమ్మకు తెలుగు చదవడం వచ్చు, మనవడికి ఒడియా వచ్చు, ఆంధ్రా నుంచి వచ్చిన కొత్త కోడలికి ఒడియా రాదు. కార్డు ఒక్క లిపిలో ఉంటే ఇంట్లో సగం మందికి అది బొమ్మే. ఒక వైపు తెలుగు, మరో వైపు ఒడియా వేయడం మర్యాదకూ పనికీ అవసరం. ఫోన్ నంబరు, ఊరు, స్టూడియో ఉన్న రోడ్డు పేరు రెండు వైపులా ఉండాలి.

పంచాంగం తెచ్చే తేడా నేరుగా డబ్బు మీద పడుతుంది. ఆషాఢం తెలుగువాళ్లకు శూన్యమాసం, శ్రావణం వచ్చీ రాగానే పెళ్లి బాజాలు. ఒడియా ఇళ్లలో చాతుర్మాస్యం మొదలయ్యాక, అంటే ఆషాఢ శుద్ధ ఏకాదశి తర్వాత, కార్తికం దాకా పెళ్లిళ్లు సాధారణంగా పెట్టుకోరు. శ్రావణం ముహూర్తాల కోసం ఆషాఢంలో పంపే కార్డు తెలుగు ఇంట్లో సరిగ్గా సమయానికి చేరుతుంది, పక్కనున్న ఒడియా ఇంట్లో వృథా అవుతుంది. పైగా ఒడిశా పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. నెల పేరు ఒకటే అయినా కృష్ణపక్షం వచ్చేసరికి లెక్క మారిపోతుంది. వీధి మొత్తానికి ఒకే రోజు కార్డులు పంచడం ఇక్కడ ఎందుకు పొసగదో దీన్నిబట్టి అర్థమవుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం రెండు వైపులా కలిసొచ్చే నెలలు. వాటికి ముందు పుష్యంలో పెళ్లిళ్లుండవు. ఫొటోగ్రాఫర్లకు తీరిక దొరికేదీ అప్పుడే, కవర్లు సిద్ధం చేయాల్సిందీ అప్పుడే.

బ్రహ్మపురానికి మరో సందర్భం కూడా ఉంది. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకు వలసపోయినవాళ్లు, ఆడపడుచులు ఊరికి వస్తారు. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే రోజులవి. ‘అందరూ కలిసినప్పుడు ఒక ఫొటో’ అన్న కార్డు పాత కస్టమర్ల ఇళ్లకు యాత్రకు పదిరోజుల ముందు చేరితే స్టూడియోలో కుటుంబ ఫొటో అన్న మరుగునపడ్డ పని మళ్లీ లేవవచ్చు.

కవరులో ఏముండాలి

వేరే వ్యాపారాలు ప్రకటనలో తమ సరుకు గురించి చెప్పగలవు, అంతే. ఫొటోగ్రాఫర్ సరుకునే పంపగలడు. ఆ ఇంటివాళ్ల పెళ్లిలో తీసి, ఆల్బమ్‌లోకి ఎక్కని ఒక మంచి ఫొటో ఉంటుంది. నాయనమ్మ నవ్వుతున్నదో, మేనమామ కళ్లు తుడుచుకుంటున్నదో. దాన్ని 4×6 ప్రింటు తీసి పెడితే ఆ కవరును పారేసే మనిషి ఉండడు. నాయనమ్మ తర్వాత కాలం చేసి ఉంటే ఆ ఫొటో విలువ మాటల్లో చెప్పలేం. ధరల పట్టికతో నిండిన మెరుపు కాగితానికి ఈ బలం రాదు.

తపాలా శాఖ 2011లో మై స్టాంప్ పథకం తెచ్చింది. కోరినవాళ్ల ఫొటోను స్టాంపు పక్కన అచ్చువేసి ఇస్తారు. పెద్ద పోస్టాఫీసుల్లో ఆర్డరు తీసుకుంటారు. పెళ్లిపత్రికల మీద అంటించడానికి వధూవరుల స్టాంపులు చేయించి పెట్టడం స్టూడియో తన ప్యాకేజీలో కలుపుకోదగ్గ సేవ. ఆ పత్రికలు అందుకునే ప్రతి ఇల్లూ ఆ ఫొటో చూస్తుంది.

జాగ్రత్త కూడా కావాలి. ఒకరింటి పెళ్లికూతురి ఫొటోను అనుమతి లేకుండా కార్డు మీద వేసి ఊరంతా పంచడం గౌరవం కాదు, గొడవలకూ దారి. కంప్యూటర్లోనో ఫోన్లోనో దాచిన పేర్లు, చిరునామాలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. ‘మీ ఇంటి వేడుకలకు మా ఉత్తరం పంపవచ్చా, మీ ఫొటో ప్రచారానికి వాడవచ్చా’ అని రసీదు మీదే రెండు ప్రశ్నలు అచ్చువేసి సంతకం తీసుకోవడం మంచిది. వద్దన్నవాళ్లను వదిలేయాలి.

ఇళ్లు కాని చిరునామాలు

ఇంటింటి పంపకంలో లేని నిలకడ బడులు, కాలేజీలు, కల్యాణ మండపాల దగ్గర ఉంది. గుణుపురంలోనో రాయగడలోనో ముప్పై బడుల హెడ్మాస్టర్ల పేరున నమూనా గ్రూప్ ఫొటోతో ఉత్తరం పంపడానికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. గ్రూప్ ఫొటో, ఐడీ కార్డులు, వార్షికోత్సవం ఏటా వచ్చే పనులు. ఉత్తరం వెళ్లిన వారానికి మనిషి స్వయంగా వెళ్లి కలవాలి. ఉత్తరం ఒక్కటే పని చేయదు, మనిషి ఒక్కడే వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

వచ్చిందెవరి వల్లో తెలుసుకోవడం

కార్డు అందుకున్న తల్లి పిన్నిని అడుగుతుంది, ‘వీళ్లు బాగా తీస్తారా?’ అని. పిన్ని బాగానే తీస్తారంటుంది. స్టూడియోలో ‘ఎవరు చెప్పారమ్మా’ అంటే పిన్ని పేరే వస్తుంది. కార్డు చేసిన పని లెక్కలోకి రాదు. దీనికి విరుద్ధంగా, ఎలాగూ వచ్చే పాత కస్టమరు కార్డు చేతిలో పట్టుకొస్తే ఆ ఆర్డరంతా కార్డు ఖాతాలో పడుతుంది. ‘ఈ కార్డు తెస్తే ఒక ఫ్రేము ఉచితం’ అనే పద్ధతిలో రెండో పొరపాటు మరీ ఎక్కువ.

దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. పాత కస్టమర్ల జాబితాలో ఒక పేరు విడిచి ఒక పేరుకు కవరు పంపాలి. ఏడాది తర్వాత పంపినవాళ్లలో ఎందరు మళ్లీ వచ్చారు, పంపనివాళ్లలో ఎందరు వచ్చారు అని ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే చాలు. రెండు సంఖ్యల మధ్య తేడాయే ఉత్తరం తెచ్చింది, మిగతాది స్టూడియో మంచిపేరు తెచ్చింది. ఆ తేడాను ఒక ఆర్డరు మీద మిగిలే డబ్బుతో గుణించి, పంపడానికైన ఖర్చు పక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్క ఏడాదిలో సంఖ్యలు చిన్నవిగా ఉంటే రెండో ఏడాదివీ కలిపి చూడాలి.